నూనె సంగతి, నా సంగతి

నా పిత్తాశయం తీసేసి ఐదు నెలలైంది. బొడ్డు దగ్గర ఒకటి, డొక్కల కింద మూడు, గోరంత మచ్చలు మిగిలాయి. ఈ మధ్య వాటిని చూసుకుంటే భయం వేయడం లేదు. అందుకే ఇప్పుడు రాయగలుగుతున్నాను. జబ్బులో ఉన్నప్పటి డైరీ తెరిస్తే రోజుకి రెండు ముక్కలకన్నా ఎక్కువ లేవు. "దురద. నిద్ర లేదు." "ఈ రోజు కూడా ఆపరేషనుకి పిలవలేదు." కడుపునొప్పిని గ్యాసు అనుకుని నెలలు గడిపేసేవాళ్ళు నాలాంటివాళ్ళు ఇంకా ఉంటారు. వాళ్ళలో ఒకరికైనా ఇది పనికొస్తే మేలు. ఇంకో కారణం కూడా ఉంది. నాకు మంచి చేసినవాళ్ళకి నేను నోరు తెరిచి ఏమీ చెప్పలేదు. నలుగురిలో నాకు మాట పెగలదు.

జబ్బు పుణ్యమా అని ఒక్కసారి మాత్రం మాట్లాడక తప్పలేదు. ఆ రోజు నేను చెప్పేదాన్ని బట్టి ఒక కుటుంబం ఆదోనిలో నిలబడాలి, లేదా పిల్లల్ని బడి మాన్పించుకుని సుగ్గికి పోవాలి. వానల్లేని పల్లెల నుంచి కూలి కోసం దూరపు జిల్లాలకి వలస పోవడాన్ని మా వైపు సుగ్గి అంటారు.

మాది ఎమ్మిగనూరు. నాయన మగ్గం నేస్తాడు. నేను ఆదోనిలో ఒక బట్టల షాపులో చీరల దగ్గర పనిచేస్తాను. పొద్దున ఎనిమిదింటి బస్సుకి పోయి సాయంత్రం ఏడున్నర బస్సుకి బయలుదేరి వస్తాను. సీటు దొరికితే కూర్చుని, దొరక్కపోతే కమ్మీ పట్టుకుని నిలబడి, ఏదో ఒక పుస్తకం చదువుకుంటాను. అమ్మ తెల్లవారకముందే లేచి జొన్న రొట్టెలు తట్టి, పుండికూర పప్పో చెనిక్కాయల పొడో పెట్టి సద్ది కట్టేది.

షాపులో ఆడవాళ్ళం ఐదుగురం. మధ్యాహ్నం స్టాకు రూములో గుండ్రంగా కూర్చుని తింటాం. నేను చేరిన కొత్తలో సుజాతక్క నా డబ్బాలోకి తొంగిచూసి, "ఏమ్మే పద్మా, మీ ఇంట్లో బియ్యానికి బీగం ఏసుకున్నారా ఏమి? దినామూ రొట్టేనా?" అంది. అందరూ నవ్వారు. ఆమె నోరే అంత, మనసులో ఏమీ ఉండదు. ఇంకొకరైతే తిరిగి ఒక మాట అనేసి, అదే రొట్టె తుంచి ఆమె నోట్లో కుక్కేవాళ్ళు. నేను మర్నాటి నుంచి ఆకలి లేదని చెప్పి తినడానికి పోవడం మానేశాను. డబ్బా మాత్రం ఖాళీగా ఇంటికి పోవాలి కదా. అందుకని సాయంత్రం బస్టాండు వెనక మేసే మేకలకి రొట్టెలు వేసేదాన్ని. ఒకరోజు కాదు, ఏడాది పైన. ఇంటికి పోగానే అమ్మ డబ్బా తీసుకుంటూ బాగుండెనా అని అడిగేది. బాగుండె అనేదాన్ని.

పొద్దుటి నుంచి ఏమీ పడని కడుపుతో ఆరున్నరకి ఈరన్న బండి దగ్గరికి పోయేదాన్ని. ఈరన్న, అతని భార్య ఉరుకుందమ్మ కోసిగి దగ్గర పల్లెవాళ్ళు. చాలా ఏళ్ళు పిల్లల్ని వెంటేసుకుని సుగ్గికి తిరిగి, బెంగళూరులో ఒక ఫాస్ట్‌ఫుడ్ బండిలో పనికి కుదిరి, నూడుల్స్, గోబీ మంచూరియా నేర్చుకుని వచ్చారు. ఆదోనిలో సొంత బండి పెట్టుకున్నాకనే పిల్లలిద్దరూ ఒకే బడిలో వరసగా రెండేళ్ళు చదివారని ఉరుకుందమ్మ నాతో ఎన్నోసార్లు చెప్పింది. బండి చుట్టూ మగపిల్లలు గుమికూడి ఉంటే నేను దూరంగా నిలబడిపోతానని ఆమె కనిపెట్టింది. బండి వెనక నాకోసం ఒక స్టూలు వేసేది. అడక్కుండానే ప్లేటు చేతికిచ్చేది. నన్ను మాట్లాడించాలని చూసేది కాదు. అంతకన్నా పెద్ద మర్యాద నాకు తెలియదు.

నాకు తెలిసిన సంగతి ఇంకొకటి ఉంది. మా షాపు వెనక కిటికీలోంచి, ఉగ్గాని బజ్జీలు అమ్మే ఒక హోటలు పెరటి వాకిలి కనిపిస్తుంది. పొద్దుటి బజ్జీలు అయిపోయాక కడాయిలో మిగిలిన నూనెను డబ్బాల్లోకి వంచి గోడవారన పెడతారు. మధ్యాహ్నం బండ్లవాళ్ళు వచ్చి చవగ్గా కొనుక్కుపోతారు. ఈరన్న కూడా వచ్చేవాడు. ఆ నూనె కాఫీ డికాక్షన్ రంగులో ఉండేది. మధ్యాహ్నం దాన్ని చూసేదాన్ని, సాయంత్రం దాంట్లో వేగిందే తినేదాన్ని.

మార్చిలో మొదలైంది నొప్పి. కుడి డొక్క కింద ఎవరో పిడికిలి పెట్టి తిప్పినట్టుండేది. అక్కణ్ణించి వీపులోకి పోయేది. తిన్న గంటకి, సరిగ్గా బస్సులో ఉన్నప్పుడు వచ్చేది. పుస్తకం మూసి, ముందు సీటు కమ్మీకి నుదురు ఆనించి, ఊర్లు లెక్కపెట్టుకుంటూ వచ్చేదాన్ని. మందుల షాపులో గ్యాసు మాత్రలు ఇచ్చారు. మాత్ర వేసుకుంటే కాసేపటికి తగ్గేది. వేసుకోకపోయినా తగ్గేదని అప్పుడు తెలియదు.

మే నెలలో ఒక ఆదివారం వాకిట్లో కూర్చోబెట్టి తల దువ్వుతూ అమ్మ నా గడ్డం పట్టుకుని ఎండవైపు తిప్పింది. కళ్ళు పసుపు నీళ్ళలో కడిగినట్టున్నాయి. కామెర్లు అంది. ఆ మాట అనగానే మా ఇంట్లో ఎవరూ ఆసుపత్రి ఊసెత్తలేదు. కామెర్లకి ఇంగ్లీషు మందు పనిచేయదని, పసరే పోయించాలని మా వైపు చాలా ఇళ్ళల్లో చిన్నప్పటి నుంచీ వింటూ పెరుగుతాం. పుస్తకాలు చదివే నేను కూడా అనుమానించలేదు.

చిప్పగిరి వైపు ఒక పల్లెలో పసరు పోసే తాత ఉన్నాడు. మూడు ఆదివారాలు పరగడుపున పోవాలి. ముందు రోజే ఆలూరులో మా చిన్నాయన ఇంట్లో పడుకుని, తెల్లవారుతూనే షేర్ ఆటో ఎక్కేవాళ్ళం. తాత ఎవరి దగ్గరా ఏమీ తీసుకోడు. దోసిట్లో పచ్చటి రసం పోస్తాడు, గుటుక్కున మింగాలి. తరవాత పథ్యం. ఉప్పు, నూనె, పులుపు ముట్టకుండా ఒట్టి మజ్జిగన్నం తినాలి.

పథ్యం మొదలైన నాలుగో రోజుకే నొప్పి ఆగిపోయింది. నాయన మళ్ళీ మగ్గం మీద కూర్చుని కూనిరాగం తీశాడు. కళ్ళు మాత్రం తేట పడలేదు. ఒళ్ళంతా దురద పట్టుకుంది. అరికాళ్ళు గోడకేసి రుద్దుకునేదాన్ని. నొప్పి పోయింది కదా, ఇదీ పోతుందిలే అనుకున్నాం.

నాలుగు నెలల్లో మేము చేసిన పెద్ద పొరపాటు అదే. నొప్పి తగ్గింది పసరుకి కాదు, నూనె మానేసినందుకని తరవాత డాక్టరమ్మ చెప్పింది. నాకు వచ్చినవి మామూలు కామెర్లు కావు. పిత్తాశయంలో పెరిగిన రాళ్ళలో ఒకటి జారి, పైత్యం పోయే గొట్టంలో అడ్డంగా ఇరుక్కుంది. మేము పథ్యం చేసినన్నాళ్ళూ అది అక్కడే కూర్చుని ఉంది.

అయితే ఆ తాతని నేను ఒక్క మాట కూడా అనలేను. మూడో ఆదివారం ఆయన నా కంటిరెప్ప పైకెత్తి చాలాసేపు చూశాడు. పసరు గిన్నె పక్కన పెట్టేశాడు.

"ఇది నా సేతిలో ల్యాదప్పా," అన్నాడు నాయనతో. "తగ్గేదైతే ఈపాటికి తగ్గల్ల. పాపను ఆస్పత్రికి పిల్చుకోని పో. ఈ పొద్దే పో."

తనవల్ల కాదని చెప్పగలిగిన ఆ మనిషికి మొదటి దండం.

తిరుగు బస్సులో చలిజ్వరం వచ్చింది. మే ఎండలో నాయన పై పంచె కప్పుకుని వణికాను. ఆదోనిలో స్కానింగు తీసి, ఆలస్యం చేయొద్దని కర్నూలుకి పంపారు.

కర్నూలులో పెద్దాసుపత్రి వరండా నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. కానీ భయంగా కాదు. బెంచీ మీద నా పక్కన ఆలూరు వైపు ఒకామె ఉండేది. భర్తని లోపల పెట్టి పది రోజులుగా కాచుకుని ఉంది. పత్తి చేలో దిగాల్సిన రోజులు. నేను చేతులు గీరుకుంటుంటే చూసి, తన తువ్వాలు కొళాయి కింద తడిపి తెచ్చి నా అరికాళ్ళకి చుట్టింది. ఎవరి బిడ్డవి, ఏ కులం, ఏమీ అడగలేదు. లోపలికి ఒక్కరినే తోడు రానిస్తామన్నప్పుడు, అమ్మ ఏడుపు ఆపుకోలేక అక్కడే కూలబడింది. ఆ ఆలూరామె లేచి, పదమ్మా నేనొస్తా అని నా చెయ్యి పట్టుకుంది. ఆమె పేరు అడగడం మరిచిపోయాను. డైరీలో "తువ్వాలు అత్త" అని ఉంది.

సాయంత్రాలు ఈరన్న బండి దగ్గర తినేదాన్నని స్కానింగు రోజే ఇంట్లో చెప్పేశాను. వరండాలో ఇంకో పక్క నాయన, చిన్నాయన దాని మీదే గొడవ పడుతుండేవాళ్ళు. నేను నిద్రపోతున్నానని అనుకునేవాళ్ళు. బజార్లో విషం అమ్ముతుంటే గవర్నమెంటు కళ్ళు మూసుకుందని నాయన అనేవాడు. ఆ ఎర్ర రంగు, ఆ నల్ల నూనె ఎవరూ అడిగేదే లేదా అని.

"తినమని గవర్నమెంటు సెప్పిందా?" అనేవాడు చిన్నాయన. "నోరు మనది. అదుపులో పెట్టుకోల్ల. ఇంట్లో రొట్టె ల్యాకనా?"

"రొట్టె తిన్యాకనే గదరా సాయంత్రం ఒగ ప్లేటు తినింది. ఆకలి పిల్ల. అది తప్పా?"

ఇద్దరి మాటలూ గుచ్చుకునేవి. నాయన మాట ఇంకా ఎక్కువ గుచ్చుకునేది.

గొంతులోంచి గొట్టం వేసి ముందు ఇరుక్కున్న రాయి తీశారు. రెండు రోజుల్లో దురద పోయింది. దురద లేని మొదటి రాత్రి నేను పడుకున్న నిద్రని వర్ణించడం నావల్ల కాదు. జ్వరం పూర్తిగా దిగి కాస్త బలం పుంజుకున్నాక, జూన్ చివర్లో ఆపరేషను చేశారు.

ఆపరేషనుకి ముందు డాక్టరమ్మ మంచం దగ్గర కూర్చుని తిండి గురించి అడిగింది. ఇదంతా బండి తిండి వల్లే కదా అని అమ్మ అడిగితే, అదొక్కటే అని చెప్పలేనంది. కొందరికి ఒంటి తీరును బట్టి కూడా వస్తాయంది. రోజంతా ఏమీ తినకుండా ఉండి, ఆకలి మీద ఒకేసారి నూనె తిండి తింటే మాత్రం రాళ్ళకి మనమే దారి ఇచ్చినట్టంది. నావైపు తిరిగి, మధ్యాహ్నం ఏం తినేదానివి అని అడిగింది.

అమ్మ నా జుట్టు సవరిస్తూ పక్కనే ఉంది. "రొట్టె," అన్నాను.

డాక్టరు దగ్గర ఆడిన ఆ అబద్ధమే తరవాతి కథంతా నడిపింది. బిడ్డ మధ్యాహ్నం ఇంటి రొట్టె తిన్నాక ఇక తప్పు ఎవరిది? నన్ను ఇంటికి తెచ్చిన మర్నాటి సోమవారం నాయన ఆదోని పోయి, అర్జీలు తీసుకునే చోట ఈరన్న బండి మీద కాగితం ఇచ్చి వచ్చాడు. నాకు చెప్పలేదు. అమ్మ చెప్పింది.

ఆ తరవాత పది రోజులకి ఉరుకుందమ్మ మా ఇంటికి వచ్చింది. బస్సు దిగి మగ్గాల వీధిలో మా ఇల్లు ఎక్కడని అడుగుతూ వచ్చింది. నాయన ఆమెను చూసి మగ్గం గుంటలోంచి లేవలేదు. ఆమె గడప దగ్గరే కూర్చుంది. అర్జీ సంగతి ఎత్తలేదు. నన్నే చూస్తూ, "ఏం తింటాండావమ్మా ఇప్పుడు?" అంది. గంజి, ఇడ్లీ అన్నాను. నేను పెట్టింది తినే నీకు ఇట్లా అయ్యిందని ఊర్లో అంటున్నారు, నా కళ్ళారా చూసిపోదామని వచ్చినానంది. లేచేటప్పుడు మాత్రం అమ్మతో నెమ్మదిగా అంది.

"ఆఫీసరమ్మ మీ ఇంటికి వస్తాదంట. బండి ఎత్తేస్తే మేము దసరా దాటినాక సుగ్గికి పోవల్ల. పిల్లోల్లను యాడ ఇడిసిపెట్టేది? ఎంట తీస్కపోవల్ల. నేను ఏమీ అడగనమ్మా. జరిగింది సెప్పండి సాలు."

జరిగింది చెప్పండి చాలు అన్న ఆ మాటకి వారం రోజులు నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. జరిగిందంతా చెబితే అమ్మకి రొట్టెల సంగతి తెలుస్తుంది. చెప్పకపోతే బండి పోతుంది. రొట్టెల సంగతి చెప్పి నూనె సంగతి దాచితే, రేపు ఇంకో ఆకలి పిల్ల అదే నూనె తింటుంది. డైరీలో మూడు పేజీలు రాసి కొట్టేశాను.

ఆగస్టు మొదట్లో, నాయన ఇచ్చిన అర్జీ మీద విచారణకి, తిండి తనిఖీ చేసే ఆఫీసరమ్మ వచ్చింది. నాకన్నా నాలుగైదేళ్ళు పెద్దదై ఉంటుంది. నాయన కుర్చీ వేసి, ఆసుపత్రి కాగితాలన్నీ ముందు పెట్టి, మళ్ళీ మగ్గం మీద కూర్చున్నాడు. ఆమె అన్నీ చూసి, ఇవి ఉంటే బండి మీద చర్య తీసుకోవడం సులువేనని, అయినా అమ్మాయి నోటితో విని రాసుకోవాలని చెప్పింది. రోజూ అక్కడ తినేదానివా అని అడిగింది.

"తినేదాన్ని మేడమ్," అన్నాను. "రోజు మొత్తానికి అదొక్కటే తినేదాన్ని. మధ్యాహ్నం ఏమీ తినేదాన్ని కాదు. అమ్మ కట్టిన రొట్టెలు మేకలకి ఏసేదాన్ని. సంవత్సరం నుంచి."

మగ్గం ఆగిపోయింది. వంటింటి వాకిట్లో అమ్మ నిలబడి ఉందని తెలుసు, తల ఎత్తలేదు. ఆగితే ఇక మాట రాదని తెలిసి ఆపకుండా చెప్పేశాను. డాక్టరు దగ్గర కూడా అబద్ధం చెప్పానన్నాను. హోటలు పెరట్లోంచి వాడిన నూనె డబ్బాలు ఎట్లా పోతాయో, ఈరన్న ఒక్కడే కాదు బండ్లవాళ్ళు చాలామంది అదే నూనె కొంటారని, అది నేను కళ్ళారా చూసి కూడా తిన్నానని చెప్పాను. నూనె ఎన్నోసారి కాగుతోందో బండి దగ్గర నిలబడ్డ మనిషికి తెలియదు, అది మీరే చూడాలి మేడమ్ అన్నాను. కట్టిన సద్ది తినమని చెప్పడానికి మాత్రం ఏ ఆఫీసరూ రాలేదు, రానక్కర్లేదు, అది నేను చూసుకోవాల్సింది అన్నాను. నా జీవితంలో ఒకేసారి అన్ని మాటలు మాట్లాడటం అదే మొదలు.

ఆఫీసరమ్మ పెన్ను ఆపి నన్ను చూసింది. తరవాత అంతా రాసుకుంది. నేను చదివి సంతకం చేశాను.

ఆమె పోయాక అమ్మ ఇంత మజ్జిగ తెచ్చి నా చేతికిచ్చి ఎదురుగా కూర్చుంది.

"ఎవురన్నా ఏమన్నా అనిరా?" అంది.

తల ఊపాను.

"ఆ పొద్దే సెప్పింటే అన్నం కట్టేదాన్ని గదే," అంది. తిట్టి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. ఆమె పెట్టిన ఆ మజ్జిగ ఏడుస్తూ తాగాను. ఏడ్చినా కుట్లు నొప్పి పెట్టలేదని అప్పుడు గమనించాను.

నాయన మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు మగ్గం దగ్గర్నుంచే, "పరువు తీసినావు గానీ, అబద్ధంతో ఒగరి బండి ఎత్తేయించిన పాపం తప్పించినావులే," అన్నాడు. అది ఆయన మెచ్చుకోవడం.

ఈరన్న బండి పదిహేను రోజులు మూయించారు. హోటలు వాళ్ళకీ నోటీసు ఇచ్చారు. వాడిన నూనె అమ్మకూడదని, కొనకూడదని, రంగులు వాడకూడదని బండ్లవాళ్ళందరినీ పిలిపించి చెప్పారు. ఆ తరవాత ఈరన్న మళ్ళీ బండి తెరుచుకున్నాడు. పిల్లలు బడికి పోతూనే ఉన్నారు.

సుజాతక్క రెండుసార్లు ఎమ్మిగనూరు వచ్చి చూసిపోయింది. తన మాట వల్ల నేను తినడం మానేశానని ఆమెకి తెలియదు. చెప్పాలని కూడా లేదు. మా అమ్మ వేడివేడి రొట్టె పెడితే రెండు తిని, మూడోది అడిగి కట్టించుకుపోయింది.

అక్టోబరులో మళ్ళీ పనిలో చేరాను. మొదటి రోజు తోడుంటానని నాయన కూడా బస్సెక్కాడు. సాయంత్రం షాపు బయట నాకోసం నిలబడి ఉన్నాడు. బస్టాండుకి పోయే దారిలో ఈరన్న బండి కనిపించింది. నేను పక్క సందులోంచి పోదామన్నాను. నాయన వినలేదు, నేరుగా పోయి బండి ముందు నిలబడ్డాడు.

ఈరన్న చేతిలో గరిటె ఆగిపోయింది. నన్ను చూసి ఎట్లుండావమ్మా అన్నాడు. కాస్త నవ్వి, "నిజమే సెప్పినావు గానీ, సగం సెప్పింటే సాలకుండెనా? కొత్త నూనెతో లాభం ల్యాకుండా పోతాంది," అన్నాడు.

నాయన కడాయిలోకి వంగి చూస్తున్నాడు. చాలాసేపు చూశాడు. ఈరన్న మాట మానేసి, పొద్దున కోసిన నూనె ప్యాకెట్టు ఖాళీ సంచి తీసి ఆయన ముందు పెట్టాడు. నాయన దాన్ని ముట్టుకోలేదు.

"నాకొగ ఎగ్గు రైసు ఎయ్యప్పా," అన్నాడు.

మా నాయన ఇంటి బయట టీ తప్ప ఏదీ ముట్టడు. నేను ఆయన్నే చూస్తూ నిలబడ్డాను. ప్లేటు చేతిలో పట్టుకుని, మెతుకు మిగలకుండా తిన్నాడు. అంతసేపూ ఈరన్న ఇంకెవరికీ ఏమీ వేయలేదు. నాయన ప్లేటు కింద పెట్టి, చెయ్యి కడుక్కుని, పంచెకి తుడుచుకున్నాడు.

"ఉప్పెక్కువైంది," అన్నాడు.

"దినామూ నేను అదే మొత్తుకుంటాండా సామీ," అంది ఉరుకుందమ్మ. "నా మాట ఇనడు."

"ఇంటాడులేమ్మా," అన్నాడు నాయన. "ఈ తట్టు వచ్చినప్పుడంతా నేనూ వచ్చి సెప్తాంటా."